పేరు ఎవరి పేరు మీద?

పోయిన వారం మనం ఖదీజాను జమ్మలమడుగులో ఆమె ఇంటి వసారాలోనే వదిలేసి వచ్చాం. చెవి దగ్గర ఫోను, ఒళ్లో సగం కుట్టిన బొంత, అటుపక్క కువైట్ నుంచి యేసమ్మ ఏడుపు. మైలవరం యేసమ్మ తల్లి రత్నమ్మ పోయిన క్రిస్మసుకు ముందు చనిపోయింది. పనిచేసే ఇంట్లో సెలవు దొరక్క యేసమ్మ తల్లి ఆఖరి చూపుకు కూడా నోచుకోలేదు. తల్లి కట్టి విడిచిన మూడు చీరలను చెల్లెలి చేత పార్సిలు చేయించి, వాటితో ఒక బొంత కుట్టి పంపమని 'గులాబ్‌బీ బొంతలు' వెబ్‌సైటులో ఆర్డరు పెట్టింది. రెండు నెలల తర్వాత ఆమె చేతికి అందింది మాత్రం మెషిను మీద కుట్టిన, ఎలుగుబంటి బొమ్మలున్న నున్నటి దుప్పటి. ఖదీజా ఆ మూడు చీరలను కంటితో చూడలేదు. ఏ అడ్రసుకు పంపించినావమ్మా అని అడిగితే, మీ సైటులో ఉండే పులివెందుల అడ్రసుకే కదక్కా అంది యేసమ్మ.

ఖదీజాకు పులివెందులలో ఇల్లూ లేదు, అంగడీ లేదు. అక్కడే మనం ఆగిపోయాం.

ఆ ఫోను పెట్టేసిన దగ్గర్నుంచి ఖదీజాకు కాలు ఒకచోట నిలవలేదు. సూదిలో దారం ఎక్కించబోతే ఎక్కలేదు. అన్నం కలిపి ముద్ద నోట్లో పెట్టుకోకుండానే లేచింది. ఇన్నాళ్లూ ఆర్డర్లు తగ్గితే ఎలక్షన్ల కాలం కదా, జనానికి బొంతల మీద ధ్యాస ఎక్కడుంటుందిలే అని సరిపెట్టుకుంది. ఆర్డర్లు తగ్గలేదు. దారి మళ్లాయి. యేసమ్మ ఒక్కతే కాదు, ఇంకెంతమంది తల్లుల చీరలు ఆ పులివెందుల అడ్రసుకు పోయి పడ్డాయో ఆమెకు తెలియదు. కొత్త చీర పోతే ఇంకొకటి కొనిచ్చి కాళ్లావేళ్లా పడొచ్చు. చనిపోయిన తల్లి చీరకు ఏ బజారులో బదులు దొరుకుతుంది?

ఈ పని ఖదీజాకు తల్లి గులాబ్‌బీ నుంచి వచ్చింది. ఆ చుట్టుపక్కల ఏ ఇంట్లో బిడ్డ పుట్టినా, ఏ మతం వాళ్లయినా, అమ్మమ్మ పాతచీరలు చుట్టుకుని గులాబ్‌బీ దగ్గరకు వచ్చేవాళ్లు. నాలుగు పొరలు పరిచి, ఈ అంచు నుంచి ఆ అంచుకు సన్నటి కుట్టు వేసుకుంటూ పోయేది. కుట్టే ముందు ఆ చీర ఎవరిదో, ఆమె ఎట్లాంటిదో అడిగి తెలుసుకునేది. ఆమె పోయి మూడేళ్లయింది. తల్లి పేరు నిలబెట్టాలని, కువైట్‌లో, బెంగళూరులో ఉండే మనవాళ్లకు కూడా ఆ బొంతలు అందాలని, పోయిన ఏడాది ఖదీజా ధైర్యం చేసి ఆ పేరును ఇంటర్నెట్టులోకి ఎక్కించింది. ఎక్కించింది అనడం కన్నా, ఎక్కిస్తానన్న వాడి చేతిలో పెట్టింది అనడం నిజం.

తెల్లారగానే మొగుడు రహమాన్‌ను వెంటబెట్టుకుని దేవపాలు సారు దగ్గరకు పోయింది.

దేవపాలు సారు మిషన్ బడిలో ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పి రిటైరయ్యాడు. ఇప్పుడు ఇంటి ముందు గదిలో రెండు కంప్యూటర్లు పెట్టుకుని ఊళ్లోవాళ్లకు బయోడేటాలు, గల్ఫ్ కాగితాలు టైపు చేసిస్తున్నాడు. మనిషి నెమ్మది. ఎంత నెమ్మదంటే, ఆ పూట ఆ నెమ్మది చూసి ఖదీజాకు ఒళ్లు మండింది. కళ్లద్దాలు తుడిచి పెట్టుకున్నాడు. ఫ్యాను తనవైపు తిప్పుకున్నాడు. మళ్లీ ఆమెవైపు తిప్పాడు. అప్పుడు గానీ కంప్యూటరు ముందు కూర్చోలేదు.

సైటు తెరుచుకుంది. గులాబ్‌బీ ఫొటో అలాగే ఉంది. వసారాలో కూర్చుని, సూది పట్టుకుని, ఫొటో తీస్తున్న అల్లుణ్ణి చూసి నవ్వుతున్న ఫొటో. దాని కింద ఉన్న ఫోను నంబరు ఖదీజాది కాదు. అడ్రసు పులివెందుల. బొమ్మల్లో బొంతలన్నీ మెషిను మీద కుట్టినవి. తల్లి ముఖం కింద ఆ సరుకు కనబడకుండా ఖదీజా తెర మీద అరచెయ్యి అడ్డం పెట్టింది. ఆమె తన సైటును తానే చూసి ఆరు నెలలు దాటింది.

సారు ఒక్కొక్కటే అడగసాగాడు. సైటు ఎవరు చేశారంటే, మా పిన్నమ్మ కొడుకు సిరాజుద్దీన్, ప్రొద్దుటూరులో ఆఫీసు ఉంది అంది. పాస్‌వర్డు ఎవరి దగ్గర ఉందంటే, నువ్వు మర్చిపోతావక్కా, నా దగ్గరైతే భద్రంగా ఉంటుందని వాడే పెట్టుకున్నాడంది. మెయిల్ ఎవరిదంటే, అదీ వాడే తెరిచాడు. బిల్లు ఏదంటే, సొంత పిన్నమ్మ కొడుకును బిల్లు ఎలా అడుగుతామంది. అంతకుముందు వాడు చేసిన పని ఏదైనా చూశావా అంటే, ఉత్సాహంగా తల ఊపింది. ప్రొద్దుటూరులో ఒక బంగారు అంగడికి తానే సైటు చేశానని ఫోనులో చూపించాడట. ఆ అంగడికి పోయి, ఈ పిల్లోడు ఎట్లాంటివాడని అడిగావా అన్నాడు సారు.

"ఆ అంగడి ముందర నుంచే బస్టాండుకు నడిచొచ్చినాము సారూ," అని, ఆ మాట తన చెవిన పడగానే ఖదీజా నాలుక కరుచుకుంది.

సారు నవ్వలేదు. "మేకపిల్లను కొనాలన్నా పళ్లు చూస్తావు, కాళ్లు చూస్తావు, ఎవరి మందలోదని నలుగురిని అడుగుతావు. దీనికి మాత్రం చుట్టరికం చూసినావు," అన్నాడు. తర్వాత కుర్చీ ఆమెవైపు తిప్పుకుని, పిల్లలకు చెప్పినట్టు చెప్పాడు. "సైటంటే ఇల్లు ఖదీజమ్మా. ఇల్లు యెవడన్నా కడతాడు. నచ్చకపోతే పడగొట్టి ఇంకొకడితో కట్టించుకోవచ్చు. పేరు అట్ల కాదు. పేరు స్థలం. దానికి పాసుబుక్కు ఉంటాది. అది ఎవరి పేరు మీదుంటే స్థలం వాళ్లదే. నీ పేరుకు పాసుబుక్కు ఎవరి మీదుందో చూద్దామా?"

ఏవో అక్షరాలు కొట్టాడు. తెర మీద ఇంగ్లీషులో ఒక పట్టీ వచ్చింది. ఖదీజాకు ఇంగ్లీషు కూడబలుక్కుని చదవడం వచ్చు. సొంతదారు అన్నచోట వేలు పెట్టి ఒక్కో అక్షరమే కలుపుకుంది. సిరాజుద్దీన్. అడ్రసు ప్రొద్దుటూరు. ఫోను సిరాజుద్దీన్‌ది, మెయిలూ సిరాజుద్దీన్‌దే. పైనుంచి కిందికి రెండుసార్లు చదివింది. అందులో ఖదీజా ఎక్కడా లేదు. తన తల్లి పేరు మీద తనకు ఏ హక్కూ లేదని ఆ పట్టీ చెబుతోంది.

ఆమె వెనక నిలబడి అదంతా చూస్తున్న రహమాన్ నోట్లో తడి ఆరిపోయినట్టుంది. కాసిన్ని మంచినీళ్లు తాగొస్తానని బయటికి పోయాడు. ఖదీజా ఆ సంగతే పట్టించుకోలేదు. సారు చెప్పేది ఒక్క ముక్క పోకుండా వినాలని ఆమె తాపత్రయం. ఇద్దరూ పోయి అడగండి, అరవొద్దు అన్నాడు సారు. నీ ముందరే పేరు నీ మీదికి మార్చమను. నీ ఫోను నంబరు, నీ మెయిలు పెట్టించు. పాస్‌వర్డు నువ్వే కొట్టు, వాణ్ణి అటు తిరగమను. ఒప్పుకోకపోతే పేర్లు రిజిస్టరు చేసే కంపెనీకి నేను అర్జీ రాసిస్తాను, కడపలో పోలీసులకు కూడా ఇద్దాం. కొంచెం రోజులు పడుతుంది, ఓపిక పట్టాలి.

"ఇంకొక మాట," అన్నాడు, ఆమె లేవబోతుంటే. "మధ్యలో యెవరినీ పెట్టుకోవాకండి. ఏ పెద్దమనిషినీ వద్దు. పేరుకు ఇంకొక చెయ్యి తగిలితే మళ్ల దాన్ని వదిలించేది శానా కష్టం."

అట్లాగే సారూ అంది ఖదీజా. గడప దగ్గర రహమాన్ ముఖం కడుక్కుని నిలబడి ఉన్నాడు. అతను ఆ ఆఖరి మాట విన్నాడో లేదో ఆమె గమనించలేదు.

ప్రొద్దుటూరుకు ముప్పావు గంట ప్రయాణం. ఆ పొద్దు రెండు గంటలకు పైనే పట్టింది. దారంతా ఎలక్షన్ సందడి. మైకులు కట్టిన ఆటోలు, జెండాల జీపులు, ఒక పార్టీ ఊరేగింపు పోయేదాకా బస్సు రోడ్డు పక్కన ఆగడం, అది పోగానే ఇంకొక పార్టీది ఎదురు రావడం. ఖదీజా సీటు అంచున కూర్చుని ఒళ్లోని సంచిని పిసుకుతూనే ఉంది. అందులో ఆమె ఓటు కార్డు ఉంది. తన పేరు అచ్చయిన కాగితం ఇంట్లో అదొక్కటే దొరికింది. డ్రైవరు దిగి సోడా తాగుతుంటే, తానే పోయి స్టీరింగు పట్టుకుందామన్నంత తిక్క వచ్చింది ఆమెకు.

ఊరి మొదట్లో పోలీసులు బస్సు ఆపి సంచులు వెతికారు. కానిస్టేబులు రహమాన్‌ను పేరు అడిగాడు. రహమాన్ అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి చెప్పాడు. తొలిరోజుల్లో ఖదీజా ఆ అలవాటు చూసి నవ్వేది. ఇప్పుడు నవ్వు రావడం మానేసి చాలా ఏళ్లయింది.

ఆ అలవాటు వెనక కథ పాఠకులకు కొంత తెలుసు, కొత్తగా చదువుతున్నవాళ్ల కోసం నాలుగు ముక్కలు. పదిహేనేళ్ల కిందట రహమాన్ తొండూరు పక్క ఒక నాయకుడి దగ్గర జీపు తోలేవాడు. ఆ నాయకుణ్ణి అందరూ పెద్దాయన అనే అంటారు, మనమూ అలాగే అందాం. ఖదీజా తమ్ముడు ఉస్మాన్ కూడా అదే జీపులో తిరిగేవాడు. ఒక ఎలక్షన్ల ముందు ఎదుటి పార్టీవాళ్లు కల్వర్టు దగ్గర జీపు మీద బాంబులు వేశారు. ఉస్మాన్ అక్కడికక్కడే పోయాడు. రహమాన్ ఆస్పత్రి పాలయ్యాడు. దానికి బదులు జరిగిన గొడవలో, ఆస్పత్రి మంచం మీద ఉన్న రహమాన్ పేరును ఎదుటివాళ్లు ఏడో ముద్దాయిగా రాయించారు. తొమ్మిదేళ్లు కోర్టు మెట్లెక్కితే కేసు కొట్టేశారు. ఉస్మాన్ పోయిన కొత్తలో పెద్దాయన డబ్బు సంచితో ఇంటికొస్తే గులాబ్‌బీ కూర్చోమని కూడా అనలేదు. గడప అవతలే నిలబెట్టి, నా బిడ్డను తెచ్చిచ్చేపని ఉంటే రా, లేకపోతే ఈ వీధికి రావద్దని పంపేసింది. ఆమె బతికినన్నాళ్లూ ఆ ఇంట్లో ఆయన మాట ఎత్తలేదు.

కేసు పోయింది గానీ రహమాన్‌కు పేరంటే భయం పట్టుకుంది. కాగితం మీద పేరుంటే ఎవడో ఒకడు వెతుక్కుంటూ వస్తాడని అతని నమ్మకం. అందుకే మోటారు సైకిలు బావమరిది వరసవాడి పేరు మీద. కరెంటు మీటరు ఇల్లు అమ్మిపోయిన పాత ఆసామి పేరు మీద. సిమ్ కార్డైతే చనిపోయి నాలుగేళ్లయిన ఒక టైలరు పేరు మీద. ఆ మాటకొస్తే ఈ పక్క ఊళ్లలో ఇది రహమాన్ ఒక్కడి జబ్బు కాదు. ముద్దాయి అయినవాడు, అవుతానేమోనని భయపడేవాడు, జామీను కింద ఎక్కడ జప్తు చేస్తారోనని అనుకునేవాడు, అందరూ నమ్మకమైన ఇంకొకడి పేరు వెతుక్కునేవాళ్లే.

సిరాజుద్దీన్ ఆఫీసు గుడ్డల అంగడి మీద మేడలో ఉంది. గోడల నిండా పార్టీ పోస్టర్లు, లోపల ఇద్దరు ఆడపిల్లలు ఎవరో అభ్యర్థి ముఖానికి కంప్యూటర్లో తెలుపు పూస్తున్నారు. ఖదీజాను చూడగానే సిరాజ్ లేచి నిలబడ్డాడు. ఆడపిల్లలను బయటికి పంపాడు. అక్కా కూర్చో, బావా కూర్చో, నిమ్మసోడా తెప్పిస్తా అన్నాడు. వాడు బుకాయిస్తాడని, అరుస్తాడని ఆమె దారి పొడుగునా మాటలు పేర్చుకుని వచ్చింది. ఈ మర్యాద ఆమె లెక్కలో లేదు. ఏసీ నడుస్తూనే ఉంది, వాడి మెడ మీద చెమట కారుతోంది.

ఖదీజా కూర్చోలేదు. "సిరాజూ, గులాబ్‌బీ నీకేమైతాది?" అంది.

"పెద్దమ్మ."

"నీకు జరమొస్తే పదైదు దినాలు నిన్ను ఒళ్లో పండబెట్టుకున్నె. ఆమె పేరు అమ్ముకుంటివా?"

అమ్మలేదక్కా, బాడుగకిచ్చినా అన్నాడు సిరాజ్, తల వంచుకుని. ఆ తర్వాత అడగకుండానే అంతా చెప్పాడు. పులివెందులలో అబ్దుల్ సలాం అనే పరుపుల వ్యాపారి, ఈ పేరుకు గిరాకీ ఉందని తెలుసుకుని, నెలనెలా ఇంత ఇస్తానన్నాడు. ఫోను నంబరు, అడ్రసు మార్చి సైటు ఆయనకు అప్పగించాడు. ఆర్డర్లు అక్కడికి పోయేవి. ఆయన అంగట్లో ఉన్న సరుకు పార్సిలు కట్టి పంపేవాడు.

"వాళ్లు పంపిన చీరలు?" అంది ఖదీజా.

"కొయ్యలేదక్కా. ఆ పాత గుడ్డలతో ఆయనకేం పని? గోడౌన్లో మూటలు మూటలుగా పడేసినాడు."

ఆ మాటకు ఖదీజా కుర్చీ అంచు పట్టుకుంది. రత్నమ్మ చీరలు ఎక్కడో ఒక మూలన చినగకుండా ఉన్నాయి. నిన్నటి నుంచి గుండెల మీద ఉన్న బండ కొంచెం పక్కకు జరిగింది. ఊపిరి పీల్చుకుని, దేవపాలు సారు చెప్పినవన్నీ వరసపెట్టి అడిగింది. నా పేరు మీద ఎందుకు పెట్టలేదు? ఎవర్నడిగి నీ పేరు రాసుకున్నావు? ఒక్క ముక్క నాకు చెప్పినావా?

సిరాజ్ ఆమె వంక చూడలేదు. సొరుగు లాగి ఒక తెల్లకాగితం తీసి బల్ల మీద పెట్టాడు. 'సదరు పేరును సిరాజుద్దీన్ పేరు మీద ఉంచుటకు మాకు ఎటువంటి అభ్యంతరము లేదు.' కింద సంతకం. రహమాన్‌ది.

"నేను మొదట అడిగింది నీ పేరేనక్కా. టైపు గూడా చేస్తాంటి. బావే నా చెయ్యి పట్టుకున్నాడు. మా పేర్లు యాడా రావద్దు, నీ పేరు మీదనే పెట్టు అన్నాడు. నేను చేసింది తప్పే. ఆ తప్పుకు దోవ చూపించింది మాత్రం బావ."

ఖదీజా మొగుడి వైపు తిరిగింది. రహమాన్ గోడకు ఆనుకుని నిలబడి, పోస్టరు చివర గోటితో గీకుతున్నాడు. ఆమెకు ముందు కోపం రాలేదు, సిగ్గు వచ్చింది. ఒక దొంగను పట్టుకోవడానికని వచ్చి, తాళంచెవి తన ఇంట్లోంచే పోయిందని వినడం ఆమెకు తల కొట్టేసినట్టయింది. సిరాజ్ పచ్చి మోసగాడు, అందులో ఇసుమంత అనుమానం లేదు. వాడి చేతికి మోసం అందించింది మాత్రం తనవాడే.

చివరికి రహమాన్ నోరు విప్పాడు. ఇంటర్నెట్టులో పేరు పెడితే దాంతోపాటు ఇంటి అడ్రసు, ఫోను నంబరు కూడా లోకమంతా చూడొచ్చని సిరాజ్ ఆరోజు చెప్పాడట. ఆ మాట వినగానే తన కళ్ల ముందు కల్వర్టు కనిపించిందన్నాడు. "నా పేరుంటే నాకోసం వస్తారు. నీ పేరుంటే నీకోసం వస్తారు గదా. నీకేమన్నా అయితే నేనేం గావాల?"

రహమాన్ భయం అబద్ధం కాదు. అది ఖదీజాకు తెలుసు. పదిహేనేళ్లుగా ఆ భయం పక్కనే ఆమె పడుకుంటోంది, లేస్తోంది. దాని మీద జాలి కూడా ఉంది. అయినా ఇప్పుడు జాలిపడితే రత్నమ్మ చీరలకు జవాబు చెప్పేవాళ్లు ఉండరు.

"భయం నీది. పేరు మాయమ్మది. నీ భయానికి మాయమ్మ పేరు జామీను పెడితివి," అంది. సంచిలోంచి ఓటు కార్డు తీసి సిరాజ్ ముందు పెట్టింది. "ఇప్పుడు రాయి. షేక్ ఖదీజా. జమ్మలమడుగు. వీధి పేరు, ఇంటి నంబరు గూడా రాయి. యెవడొస్తాడో రానీ. నేను చూస్తాండంగానే రాయి."

సిరాజ్ కీబోర్డు మీద చేయి వేయలేదు. కార్డు వంక చూశాడు, రహమాన్ వంక చూశాడు.

"నా చేతిలో లేదక్కా," అన్నాడు.

బాడుగకిచ్చినా పేరు నీదే కదా, పొద్దున మేము కంప్యూటర్లో చూసొచ్చాం అంది ఖదీజా.

"పొద్దున నాదే. గంట ముందర ఇచ్చేసినా." అన్నాడు సిరాజ్. ఇద్దరు మనుషులు మెట్లెక్కి వచ్చారట. అరవలేదు, కొట్టలేదు. ఈ కుర్చీల్లోనే కూర్చున్నారు. ఒకడు సిరాజ్ పిల్లలు ఏ బడిలో చదువుతున్నారో, ఏ ఆటోలో పోతారో పేర్లతో సహా చెప్పి, గులాబ్‌బీ పేరు వదిలిపెట్టమన్నాడు. ఇంకొకడికి కంప్యూటరు పని బాగా తెలుసు. పాస్‌వర్డు అడిగి, పక్కన కూర్చుని, అన్నీ మార్పించుకునేదాకా లేవలేదు. అదే సమయానికి పులివెందులలో అబ్దుల్ సలాం గోడౌను ముందు ఒక జీపు ఆగిందని తర్వాత ఫోనొచ్చింది. చీరల మూటలన్నీ ఎత్తుకుపోయారు.

"యెవరి మనుషులు?" అంది ఖదీజా. అడుగుతున్నప్పుడే ఆమెకు ఆ జవాబు ఎటునుంచి వస్తుందో తెలిసిపోయింది. అందుకే సిరాజ్‌ను కాకుండా రహమాన్‌ను చూసింది.

రహమాన్ గోడ దగ్గర్నుంచి కదిలాడు. దేవపాలు సారు ఇంటి బయట నిలబడి ఫోన్ చేశానన్నాడు. అర్జీలు, కంపెనీలు, కడప పోలీసులు, ఇవన్నీ తేలేసరికి ఏళ్లు పడతాయని, కాగితాలతో న్యాయం జరిగేటట్టయితే తాను తొమ్మిదేళ్లు కోర్టు చుట్టూ తిరిగేవాణ్ణే కాదని అన్నాడు. తాను చేసిన తప్పు ఆమెకు తెలిసేలోగా సరిదిద్దాలనుకున్నాడు. "నీ పేరు మీదికి మార్పించి, పులివెందులలో ఉండే చీరలు ఇప్పించమనే అడిగినా. అల్లా తోడు. అంతకు మించి ఒక్క మాట అన్లే."

ఖదీజా బల్ల చుట్టూ తిరిగి వచ్చి సిరాజ్ కంప్యూటరు ముందు నిలబడింది. చూపించు అంది. పొద్దున సారు గదిలో చూసిన పట్టీయే మళ్లీ తెర మీదికి వచ్చింది. సొంతదారు అన్నచోట వేలు పెట్టింది. ఈసారి కూడబలుక్కోవాల్సిన పని లేకపోయింది. ఆ పేరు ప్రొద్దుటూరు గోడల మీద, బస్సు ఆగిన ప్రతి చోటా, ఈ ఆఫీసు పోస్టర్ల మీద అంతంత అక్షరాలతో పొద్దుట్నుంచీ ఆమె కళ్లబడుతూనే ఉంది. తన పేరు కాదు. పెద్దాయన పేరు.

రహమాన్ జేబులో ఫోను మోగింది. అతను తీయబోయేలోగా ఖదీజా లాక్కుని చెవి దగ్గర పెట్టుకుంది.

"రహమానా, పనైపోయింది పో," అంది అవతలి గొంతు. వయసు మళ్లిన గొంతు, తీరుబడిగా ఉంది. ఖదీజా మాట్లాడకపోయేసరికి, ఆమేనని పసిగట్టింది. "ఖదీజమ్మనా? బాగుండావా తల్లీ? నేను పెద్దాయన ఇంటి నుంచి. చీరలన్నీ మా నడవలోనే ఉండాయి, ఒక్క నూలుపోగు పోలే. ఎల్లుండి పెద్దాయన నామినేషను. పులివెందులకు వస్తాడు. ఉస్మాన్ అక్క వచ్చి పక్కన నిలబడితే ఆయనకు శానా సంతోషం. ఫోటోలోళ్ల ముందర ఆయన చేత్తోనే నీ పేరు నీకు ఇస్తాడు. అంతవరకు నువ్వేం దిగులు పడొద్దు. గులాబ్‌బీ పేరు ఆయన పేరు మీదనే ఉంది."

కొడుకును పోగొట్టుకున్న తల్లి, ఆ మనిషిని గడప ఎక్కనివ్వని తల్లి, ఆమె పేరు ఇప్పుడు పోయి ఆ మనిషి చేతిలోనే పడింది. పక్కన రహమాన్ ఏడుస్తున్నాడు. ఆమె అతన్ని చూడలేదు. బల్ల మీది ఓటు కార్డు తీసి సంచిలో పెట్టుకుంది.

"ఎల్లుండి దాకా యెందుకు?" అంది ఫోనులో. "ఇప్పుడే వస్తాండా. నడవలో ఉండే మూటలు తాకొద్దని చెప్పు."

ఫోను మొగుడి చేతిలో పెట్టి, నువ్వు నా వెంట రావద్దని చెప్పి, ఒక్కతే మెట్లు దిగింది.